అరువు మామ ఒళ్ళో ఒంటి పోగు

నా ఎడమ చెవికి ఒక చిన్న రంధ్రం ఉంది. ఆవగింజ కూడా పట్టనంత రంధ్రం. అందులోంచి నా ఉద్యోగం దాదాపు జారిపోయింది, ఒక మేనేజరు గారి పరువు సగానికి సగం జారిపోయింది, చివరికి నేనే జారి జమ్మలమడుగులో పడ్డాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. పులివెందులలో ట్రాక్టర్లు అమ్మే షోరూములో సేల్స్ ఎగ్జిక్యూటివుగా చేరాను. అంతకుముందే రెండు ఉద్యోగాలు ఊడగొట్టుకున్న అనుభవశాలిని. ప్రొద్దుటూరులో మాకు పిండిమిషన్ ఉంది. మా నాయన ముందే తేల్చి చెప్పాడు.

“ఇది గూడా పోగొట్టుకున్యావంటే ఇంగ యాడికీ పోవద్దు. నేరుగా వచ్చి మిషన్ కాడ నిలబడు.”

పిండిమిషన్ దగ్గర పొద్దున నిలబడ్డ మనిషి సాయంత్రానికి కనురెప్పలతో సహా తెల్లబడతాడు. నా జుట్టు నల్లగా, ఒత్తుగా ఉండేది. దాని మీద నాకు బోలెడు ఆశలు. ఆరు నెలలు గడిస్తే ఉద్యోగం ఖాయమన్నారు కదా, అయిదు నెలలు నోరు మూసుకుని, టై కట్టుకుని బుద్ధిగా గడిపాను. ఆరో నెలలో నా బుద్ధి సెలవు మీద వెళ్ళింది.

దానికి కారణం మంగలి బాషా. క్షవరం చేస్తూ చేస్తూ కత్తెర ఆపి, నన్ను అద్దంలో పరీక్షగా చూశాడు.

“సురేంద్రన్నా, నీ మొగంలో ఒగటి తక్కువైందన్నా.”

“ఏంది, ముక్కా?”

“ముక్కు కావల్సిన దానికన్నా శానా ఉండాది. చెవిని జూడు, ఎంత బోసిగా ఉండాదో. దానికి చిన్న పోగు పడిందనుకో, నువ్వు టై కట్టుకోని ట్రాక్టర్లు అమ్ముతాండావని ఎవురూ నమ్మరు.”

నాకు కావలసింది సరిగ్గా అదే. టై కట్టుకున్న నలుగురిలో నేనొక్కణ్ణే వేరుగా కనబడాలి. అదీ నా కోరిక.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా ఇళ్ళలో మగపిల్లాడికి ఏడాది నిండకముందే మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టిస్తారు. నాకున్న ఒకే ఒక్క మేనమామ నరసింహులు, నేను పది నెలలవాడిగా ఉన్నప్పుడు కువైట్ విమానం ఎక్కాడు. ‘మామ రానీ’ అని మా అమ్మ వాయిదా వేసింది. మామ మొదటిసారి వచ్చినప్పుడు నాకు ఆటలమ్మ పోసింది. రెండోసారి వచ్చినప్పుడు ఆయనకే పెళ్ళి. మూడోసారి వచ్చేసరికి నేను పదో తరగతి. చెవుల మాట ఎత్తగానే మిద్దె ఎక్కి నిచ్చెన పైకి లాక్కున్నాను. అలా నా రెండు చెవులూ ఇరవై మూడేళ్ళుగా పెండింగులో ఉన్నాయి.

ఆదివారం ప్రొద్దుటూరు వెళ్ళాను. ఇంటికి వెళ్ళకుండా నేరుగా బంగారు పనివాళ్ళ సందులోకి దూరి, వీరాచారి అంగట్లో కూర్చున్నాను. ఆచారి పెద్దాయన. మా వీధిలో సగం చెవులు ఆయన చేతిమీదుగా కుట్టినవే.

“ఎడం చెవికి ఒగ పోగు ఎయ్ తాతా.”

“ఒగదానికేనా?” ఆయన కళ్ళద్దాల మీదుగా చూశాడు. “రెండోది నీకేం ద్రోహం జేసిందిరా?”

“ఇప్పుడు స్టైల్ అది తాతా.”

“సరే, నీ చెవి నీ ఇష్టం. మీ మామ యాడుండాడు?”

“కువైట్‌లో.”

“అయితే వాడొచ్చినాక రా పో.”

ఎంత బతిమాలినా ఆయన సూది ముట్టలేదు. యాభై ఏళ్ళుగా మేనమామ ఒడి లేకుండా మగపిల్లాడి చెవి కుట్టలేదట. ఇప్పుడు నా కోసం లెక్క తప్పడట. “ఏదో ఒగ మామ ఉండల్లప్పా. సొంత మామ లేకుంటే వరసకు మామయ్యేవాడైనా పర్వాల్యా. ఒడి మాత్రం కావల్ల.”

నేను చుట్టూ చూశాను. బెంచీ చివర ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. భారీ మనిషి. నున్నగా గీసిన గడ్డం, టక్ చేసిన చొక్కా. భార్య గొలుసుకు కొక్కెం ఊడితే అతికించుకోవడానికి వచ్చాడు. బంగారం పనికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మా ప్రొద్దుటూరే దిక్కు. ఆ ఒళ్ళో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు.

“సార్, రెండు నిమిషాలు మాకు మామ కాగలరా?”

ఆయన కంగారుగా లేచి నిలబడ్డాడు. విషయమంతా ఆచారి విడమరిచి చెప్పాడు. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

“నాకు ఇక్కడి పద్ధతులు తెలియవండీ. మాది తెనాలి. బదిలీ మీద మొన్ననే వచ్చాను. ఇక్కడివాళ్ళతో బాగా కలిసిపోవాలని మా ఆఫీసులో మరీ మరీ చెప్పి పంపారు. సరే, కూర్చోండి.”

పాఠకులారా, కాస్త ఆగండి. సోమవారం మా షోరూముకు కొత్త మేనేజరు వస్తున్నాడని నాకు తెలుసు. ఈయన బదిలీ మీద వచ్చానని నోరారా చెప్పాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేపాటి తెలివి నాకుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేనేం చేశానంటే, డెబ్బై నాలుగు కిలోల శరీరాన్ని తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను.

బెంచీ మూలిగింది. ఆయన కూడా మూలిగాడు. ఆచారి నా చెవి తమ్మె పట్టుకుని బంగారు తీగ గుచ్చాడు. నేను అరువు మామ మెడను రెండు చేతులా వాటేసుకుని “అమ్మా!” అని పెట్టిన కేకకు పక్క అంగడివాళ్ళు కూడా లేచి వచ్చారు. కన్నీళ్ళు, ఇంకా మిగతావీ, ఆయన భుజం మీదే తుడుచుకున్నాను. ఆచారి ఒక బెల్లం ముక్క ఆయన చేతికిచ్చి నా నోట్లో పెట్టమన్నాడు. పాపం, పెట్టాడు.

“నెల దినాలు పోగు తియ్యాకు. తీస్తే చీము పడ్తాది,” అన్నాడు ఆచారి. అరువు మామ వైపు తిరిగి, “నువ్వు గూడా మర్సిపోవద్దు సామీ. ఈరోజు నుంచి వీడు నీ మేనల్లుడే,” అన్నాడు.

ఆయన తల ఊపి, గొలుసు తీసుకుని వెళ్ళిపోయాడు. పేరు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

సోమవారం పొద్దున మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టారు. అద్దాల తలుపు తెరుచుకుంది. కొత్త మేనేజరు ప్రభాకరరావు గారు లోపలికి వచ్చారు. ఆ మెడను నేను గుర్తుపట్టాను. దాని మీద నా గోళ్ళ గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

ఆయన నన్ను చూడలేదు. జేబులోంచి హెడ్డాఫీసు సర్క్యులర్ తీసి చదవడం మొదలుపెట్టారు. “మగ సిబ్బంది రోజూ గడ్డం గీసుకోవాలి. టై తప్పనిసరి. పెళ్ళి ఉంగరం మినహా చేతికి గానీ, మెడకు గానీ, చెవి...” అంటూ తలెత్తారు. ఆయన చూపు నేరుగా నా ఎడమ చెవి మీద పడింది. సర్క్యులర్ అక్కడే ఆగిపోయింది.

రెండు నిమిషాల తర్వాత నేను ఆయన గదిలో ఉన్నాను. తలుపు గడియ వేశారు.

“నువ్వా?”

“మీరా సార్?”

“తీసెయ్ దాన్ని.”

“నెల దినాలు తీయొద్దన్యాడు గదా సార్ ఆచారి. మీరు గూడా ఇన్యారు.”

ఆయన కుర్చీలో కూలబడ్డారు. “సరే. నువ్వు నా ఒళ్ళో కూర్చున్న సంగతి ఇక్కడ ఎవరికైనా తెలుసా?”

“ల్యా సార్.”

“తెలియకూడదు. మొదటిరోజే ఇలాంటిది బయటపడితే నా మాట ఇక్కడెవరూ లెక్కచెయ్యరు.”

“మరి నా కన్ఫర్మేషన్ సార్?”

“నెలాఖరుకు జోనల్ మేనేజరు గారు వస్తారు. నిన్ను చూసి సంతకం పెట్టాల్సింది ఆయనే. అప్పటిదాకా ఆ చెవికి ప్లాస్టర్ వేసుకుని తిరుగు. ఆయన కంట పోగు పడిందా, నీ ఉద్యోగం ఉండదు. నేనేం చెయ్యలేను.”

ప్లాస్టర్ వేశాను. లోపల పోగు ఉండటంతో అది ఉబ్బి బోండాలాగా కనబడేది. కనబడితే జనం ఊరుకుంటారా? అకౌంట్స్ సుజాత మేడం అడిగితే కందిరీగ కుట్టిందన్నాను. మెకానిక్ అడిగితే బస్సు కిటికీ తగిలిందన్నాను. వాచ్‌మన్ అడిగేసరికి నాకు ఊపొచ్చి, కోతి కొరికిందన్నాను. మధ్యాహ్నం ఆ ముగ్గురూ ఒకేచోట క్యారియర్లు విప్పుతారన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

“సురేంద్రా,” అంది సుజాత మేడం, పెరుగన్నం కలుపుతూ. “కందిరీగ కుట్టిన చెవినే కోతి కొరికిందంటనే? అదీ బస్సులో పోతాండంగానా?”

“అవును మేడం. ఆ దినం టైం బాగల్యా.”

“కోతికి టికెట్ తీసినావా మరి?”

ఆ మూడు వారాల్లో నేను ఆడిన అబద్ధాలు లెక్కలేనన్ని. మా రూములోవాడికొకటి, కాఫీ హోటలాయనకొకటి, ఫోన్లో మా అమ్మకొకటి. నెలాఖరుకు నా దగ్గరున్న సరుకంతా ఖాళీ అయిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నన్ను ముంచింది ఈ కొరతే.

జోనల్ మేనేజరు మూర్తి గారు వచ్చిన రోజే ఒక పెద్ద రైతుకు ట్రాక్టరు అప్పగించాల్సి ఉంది. ఆయన పేరు ఓబులేసు. పది ఎకరాల చీనీ బత్తాయి తోట, ఒకటిన్నర అడుగు వెడల్పు తలపాగా, రెండు చెవులకూ ఎర్రరాళ్ళ పోగులు. ట్రాక్టరుకు పూలదండ వేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. మూర్తి గారు చేటంత అట్ట తాళంచెవి పట్టుకుని ఫోటోకు నిలబడ్డారు. ప్రభాకరరావు గారు కంటితో నా ప్లాస్టరును ఒకసారి తనిఖీ చేసుకుని, హారతి ఇవ్వమని నాకు సైగ చేశారు.

ఎండ మండిపోతోంది. చెమట కారిపోతోంది. నేను హారతి పళ్ళెం మీదికి వంగాను. ప్లాస్టర్ ఊడి పళ్ళెంలో పడి, కర్పూరంతో పాటు ఇంత వెలుగు వెలిగి ఆరిపోయింది.

అందరూ నా చెవిని చూశారు. మూర్తి గారి కనుబొమలు పైకి లేచాయి. ప్రభాకరరావు గారు కళ్ళు మూసుకున్నారు. నాకు మాత్రం మా పిండిమిషన్ గిర్రున తిరుగుతున్న శబ్దం చెవుల్లో వినబడింది.

మొదట మాట్లాడింది ఓబులేసు. “ఏందప్పా, ఇంత సక్కటి పోగును మూసిపెట్టుకున్యావు! పుండనుకుంటి గదా నేను!” అని, చాపబోయిన చేతిని వెనక్కి తీసుకుని మూర్తి గారిని ఎగాదిగా చూశాడు. “ఈ సారుకేమో చెవులు గూడా కుట్టల్యా. శుభమా అని బండి తీసుకుంటాంటే బోసి చెవులతోనా? తాళం ఈ పిల్లోని చేత ఇప్పీయండి.”

చేటంత తాళంచెవి మూర్తి గారి చేతిలోంచి నా చేతిలోకి మారింది. ఫోటో తీశారు. అంతటితో ఆగిపోతే నేను గట్టెక్కినట్టే. ఓబులేసు నా భుజం మీద చెయ్యేసి ఆప్యాయంగా అడిగాడు.

“ఎవురి ఒళ్ళో కూసోని కుట్టిచ్చుకున్యావు నాయనా? మీ మామది ఏ ఊరు?”

నేను నోరు తెరిచాను. ఒక్క అబద్ధం కూడా మిగల్లేదు. నా చెయ్యి దానంతటదే లేచి ప్రభాకరరావు గారి వైపు చూపించింది.

“ఈ సారు ఒళ్ళోనే.”

ఓబులేసు సంతోషానికి అంతు లేదు. “అట్లనా! ముందే చెప్పల్ల గదా సామీ, మీరు మావోళ్ళేనని!” అంటూ ప్రభాకరరావు గారిని కావలించుకున్నాడు. మూర్తి గారు మాత్రం చల్లగా ఒకటే ప్రశ్న వేశారు.

“ప్రభాకరరావు గారూ, ఈ అబ్బాయి మీ మేనల్లుడా? దగ్గరి బంధువులు ఒకే బ్రాంచిలో పనిచెయ్యకూడదని మీకు తెలుసు కదా?”

ప్రభాకరరావు గారు టై సర్దుకున్నారు. ‘కాదు’ అంటే, పరాయి కుర్రాణ్ణి నడిబజార్లో ఒళ్ళో ఎందుకు కూర్చోబెట్టుకున్నాడో చెప్పాలి. ‘ఈ పిల్లాడు అబద్ధమాడుతున్నాడు’ అంటే సరిపోయేది. ఆయన పరువూ దక్కేది, నేనూ ఆ పూటే బస్సెక్కేవాణ్ణి. ఆయన నా వైపు ఒక్కసారి చూసి నిట్టూర్చారు.

“అవునండీ. మా పెద్దక్కయ్య కొడుకు. అక్కయ్యను ప్రొద్దుటూరు ఇచ్చాం. వాళ్ళ ఆచారం, చెవి కుట్టించాల్సొచ్చింది.”

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆయన మీద నాకు సొంత మామ మీద కూడా లేనంత ప్రేమ పొంగుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అమ్మకు మాత్రం తెనాలిలో తనకొక తమ్ముడు పుట్టిన సంగతి తెలియదు.

ఓబులేసు తన బావమరిదికి కూడా ఇక్కడే ట్రాక్టరు ఇప్పిస్తానని మాటిచ్చి వెళ్ళాడు. కాబట్టి మూర్తి గారు నా ఉద్యోగం ఖాయం చేశారు. ఆచారంగా పెట్టుకున్న పోగు ఉండవచ్చని రాశారు. కింద ఇంకో వాక్యం కూడా రాశారు: బంధుత్వం కారణంగా జమ్మలమడుగు బ్రాంచికి బదిలీ.

“ఏం బాధపడకు,” అన్నారు ప్రభాకరరావు గారు. “రెండు నెలలాగి, మనం బంధువులం కామని పైవాళ్ళకు నిజం చెప్పేస్తాను. నిన్ను వెనక్కి పిలిపిస్తాను. నా మాట నమ్ము.”

జమ్మలమడుగులో నాకేం కష్టమని మీరు అడగవచ్చు. జమ్మలమడుగు ప్రొద్దుటూరుకు కూతవేటు దూరం. పులివెందులలోనైతే రూము తీసుకుని దొరబాబులా ఉండేవాణ్ణి. ఇప్పుడు రోజూ ఇంటి నుంచే పోయి రావాలి. మొదటిరోజు సాయంత్రం బస్సు దిగి గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే నాయన గొంతు వినబడింది.

“ఆరున్నరకంతా వచ్చినావే! మంచిదాయ. ఆ గోదుమల మూట ఎత్తుకరా.”

ఉద్యోగం పోతే పిండిమిషన్ అనుకున్నాను. ఉద్యోగం ఖాయమైతే కూడా పిండిమిషనే అని ఎవరనుకున్నారు? రోజూ సాయంత్రం నా నల్లటి జుట్టు, కనురెప్పలు, చెవి పోగు అన్నీ తెల్లబడేవి. ప్రభాకరరావు గారి మాట ఒక్కటే నా ఆశ.

ఈలోగా ఆ తాళంచెవి ఫోటో ఊరంతా తిరిగి, ఫోన్లు మారి మారి కువైట్ చేరింది. మా మామ ఫోన్ చేశాడు.

“ఎవుడ్రా వాడు? ఎవుని ఒళ్ళో కూసున్యావు?”

“మామా, అదీ...”

“ఇరవై మూడేండ్ల నుంచి నీ చెవుల కోసరం నేను పోగులు కొని పెట్టెలో పెట్టుకోనుండా! ఎవునికో ఒళ్ళో కూసుంటావా! నేనొస్తాండా.”

అన్నట్టే నెల తిరక్కుండా వచ్చాడు. ఒక చెవి చేజారింది కనుక రెండో చెవి తనదేనన్నాడు. అందులో బేరం లేదన్నాడు. మా అమ్మ ఇంకో అడుగు ముందుకు వేసి, మొదట ఒడి ఇచ్చిన మనిషికి బట్టలు పెట్టకపోతే మర్యాద కాదంటూ ప్రభాకరరావు గారిని పిలిపించింది. ఆదివారం అందరం వీరాచారి అంగడికి వెళ్ళాం. ఈసారి మా మామ ఒళ్ళో కూర్చుని, కుడి చెవికి అదే కేక పెట్టాను.

“జెప్పితిని గదరా, రెండోది ఏం ద్రోహం జేసిందని,” అన్నాడు ఆచారి తీగ మెలిపెడుతూ.

నేను కళ్ళు తుడుచుకుని ప్రభాకరరావు గారి దగ్గరికి వెళ్ళాను. “సార్, రెండు నెలలైపాయె. పైవాళ్ళకు నిజం ఎప్పుడు చెప్తారు సార్?”

“రేపే చెబుతాను. ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను,” అన్నారు. కానీ ఆయన కదల్లేదు. కొత్త పంచె చేతిలో పట్టుకుని, చెవి తమ్మెలు తడుముకుంటూ నిలబడ్డారు. తర్వాత మా మామ దగ్గరికి జరిగారు.

“అదేనండీ... ఆ ఓబులేసు గారి మాట చుట్టుపక్కలంతా పాకిపోయింది. బోసి చెవులవాడి చేతుల మీదుగా తాళం తీసుకోం అంటున్నారు రైతులు. నన్నూ కుట్టించుకోమంటున్నారు. నాకేమో మేనమామలు లేరు. ఉన్న ఒక్కాయనా కాలం చేశారు.”

మా మామ మంచివాడు. కువైట్ నుంచి వచ్చిన మొదటి వారంలో అయితే మరీ మంచివాడు. ఒళ్ళు దులుపుకుని, తొడ మీద చరిచాడు.

“దానిదేముందిలేప్పా! రా, కూసో!”

నేను “వద్దు మామా!” అనేలోపు తొంభై కిలోల మా మేనేజరు మా మామ ఒళ్ళో ఉన్నారు. బెంచీ విరగలేదు, దాని గొప్పతనం అది. ఆచారి రెండు చెవులూ కుట్టాడు. మా మామ బెల్లం ముక్క నోట్లో పెట్టి, “ఈరోజు నుంచి నువ్వూ నాకు మేనల్లునివే,” అన్నాడు.

ప్రభాకరరావు గారు బెల్లం నములుతూ నన్ను చూశారు. నమలడం ఆగిపోయింది. జేబులోంచి ఆ ఉత్తరం తీసి, నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నారు.

“బంధువులం కామని రాశానయ్యా సురేంద్రా,” అన్నారు దీనంగా. “ఇప్పుడెలా పంపను?”

అందువల్ల ఇప్పటికీ నేను జమ్మలమడుగులోనే ఉన్నాను. ఆయన పులివెందులలో ఎర్రరాళ్ళ పోగులతో ట్రాక్టర్లు అప్పగిస్తున్నారు. పిండిమిషన్ ప్రొద్దుటూరులో నా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

కనుక పాఠకులారా, నా రెండు చెవులూ పట్టుకుని, కుడిది తలుచుకుంటే ఇప్పటికీ సలుపుతుంది కాబట్టి కాస్త మెల్లగా పట్టుకుని, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి ఒళ్ళో కూర్చోవలసి వచ్చినా, ముందు పేరు, ఊరు, చేస్తున్న ఉద్యోగం అడిగి, ఆయన గుర్తింపు కార్డు రెండు వైపులా చూశాకనే కూర్చుంటాను.